జీతం లేని చేతికి లాఠీ
(కన్నెగంటి హనుమంతు స్మృతికి అంకితమైన ఉపన్యాస పాఠం, బొల్లాపల్లి)



పల్నాడులో పోలీసు అధికారం గురించి మాట్లాడాలంటే మించాలపాడు దగ్గర మొదలుపెట్టడం న్యాయం. అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టమంటే కట్టేది లేదన్న రైతులకు ముందు నిలిచిన హనుమంతు 1922 ఫిబ్రవరిలో అక్కడే పోలీసు తూటాలకు బలయ్యాడు. ఆ రోజు తుపాకి పట్టింది సర్కారు జీతం తీసుకునే వాళ్లు. వాళ్ల వెనక ఒక హుకుం ఉంది, ఆ హుకుం ఇచ్చిన అధికారి ఉన్నాడు. అందుకే వందేళ్లు దాటినా ఆ చావుకు ఎవరు జవాబుదారో పల్నాడు వేలెత్తి చూపగలుగుతోంది.

ఈ ఉపన్యాసం మరో రకం మనిషి గురించి. అతను పోలీసు కాదు. నెలనెలా జీతం రాదు, పింఛను ఉండదు. అయినా ఒకరోజో ఒక నెలో పోలీసు అధికారంతో నడిబజారులో నిలబడతాడు. అమెరికా కౌంటీల్లో జనం ఓటేసి ఎన్నుకునే షెరీఫ్ కింద ఇలాంటి స్వచ్ఛంద డిప్యూటీలు పనిచేస్తుంటారు. ఇంగ్లండులో వారిని స్పెషల్ కానిస్టేబుళ్లు అంటారు. మన దగ్గర స్పెషల్ పోలీస్ ఆఫీసరు, హోంగార్డు, మహిళా పోలీస్ వాలంటీరు అని రకరకాల పేర్లు. ఆ మనిషిని ఎవరు నియమించాలి, ఎంతకాలానికి, ఏ శిక్షణతో, తప్పు జరిగితే ఎవరు బాధ్యులు అన్నవి చిన్న ప్రశ్నలు కావు. జీతం లేని చోట నియమం మరింత గట్టిగా ఉండాలన్నది ఈ ఉపన్యాసం వాదన.

బొల్లాపల్లిలాంటి మండలానికి ఇది దూరపు సంగతి కాదు. 2022 ఏప్రిల్ 4న గుంటూరు నుంచి విడివడిన పల్నాడు జిల్లాలో, నల్లమల అంచున, తండాలూ పల్లెలూ చెల్లాచెదురుగా ఉన్న మండలమిది. ఠాణా ఒకచోట, గొడవ ఇంకోచోట. పోలీసు చేరుకునేలోపు ఊరివాళ్లే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది.

తలారి నుంచి చట్టం దాకా

ఊరి కావలి ఊరివాడే చూసుకోవడం తెలుగు నేలకు పాత అలవాటు. తలారి రాత్రి గస్తీ తిరిగేవాడు, మునసబు తగాదా వినేవాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1816 నాటి పదకొండో రెగ్యులేషను ఈ ఆచారాన్నే చట్టంగా మార్చి, గ్రామాధికారికి పోలీసు అధికారాలు కట్టబెట్టింది. ఆ ఏర్పాటు ఊరికి దగ్గరగా ఉండేది, అందులోనే దాని బలహీనతా ఉంది. పదవి వంశపారంపర్యంగా కొన్ని ఇళ్లలోనే ఉండిపోయింది. ఎవరి గొడ్డు బందెలదొడ్డికి పోవాలో, ఎవరి మీద కేసు పైకి వెళ్లాలో ఆ ఇంటి అరుగు మీదే తేలేది. 1984 జనవరి 6న ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా కరణం, మునసబు పదవుల్ని ఎత్తివేసింది. దాన్ని సవాలు చేసిన టి.వెంకటరెడ్డి కేసులో 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది.

ఇక యూనిఫాం పోలీసు సంగతి. ఆంధ్ర ప్రాంతానికి పునాది 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం. రెండేళ్లకు, 1861లో, బ్రిటిష్ ఇండియాలోని చాలా ప్రాంతాలకు మరో పోలీసు చట్టం వచ్చింది. స్పెషల్ పోలీసు గురించి దేశంలో ఇప్పటికీ ఎక్కువగా ఉదహరించేది ఆ 1861 చట్టంలోని 17, 18, 19 సెక్షన్లనే. వాటిని ఒకసారి నిదానంగా చదవాలి.

చట్టవిరుద్ధమైన గుంపు గానీ, అల్లరి గానీ జరిగి ఉండాలి, లేదా జరుగుతుందని నమ్మడానికి తగిన కారణం ఉండాలి. మామూలు పోలీసు బలం సరిపోని పరిస్థితి ఉండాలి. అప్పుడు ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని అధికారి దగ్గరలోని మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవాలి. మేజిస్ట్రేటు ఆ ఇరుగుపొరుగు నివాసుల్లోంచే ఇంతమందిని, ఇన్ని రోజులకు, ఇంత మేరకు అని స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా నియమిస్తాడు. అలా నియమితుడైన వాడికి మామూలు పోలీసుకున్న అధికారాలు, రక్షణ, బాధ్యతలు, శిక్షలు అన్నీ వర్తిస్తాయి. సరైన కారణం లేకుండా రానంటే ప్రతి తప్పుకూ 50 రూపాయల దాకా జరిమానా. ఆ రోజుల్లో 50 రూపాయలంటే పేద రైతు నెలల తరబడి కూడబెట్టినా చేతికి రాని సొమ్ము.

ఆ చట్టం చేసింది వలస పాలకులు, 1857 తిరుగుబాటు భయం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు. రానన్నవాడికి జరిమానా వేయడంలో ఆ భయం, ఆ పెత్తనం స్పష్టంగా కనిపిస్తాయి. అయినా అందులో నాలుగు కట్టుబాట్లు ఉన్నాయి. అవసరం చూపించాలి. అడిగేవాడు ఒకడు, నియమించేవాడు మరొకడు కావాలి. గడువు ఉండాలి. హద్దు ఉండాలి. స్వతంత్ర భారతంలో వచ్చిన కొన్ని చట్టాలు వీటిలో కొన్నింటిని జారవిడిచాయి. అసలు ప్రమాదం అక్కడే మొదలైంది.

నియామకం లేని పౌరుడికి ఉన్న హక్కు

స్పెషల్ పోలీసు సంగతికి వెళ్లేముందు, ఏ పదవీ లేని మామూలు మనిషి ఏం చేయవచ్చో తెలియాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 31వ సెక్షను ప్రకారం, పారిపోతున్న నిందితుణ్ణి పట్టుకోవడానికో, శాంతిభంగాన్ని ఆపడానికో, ప్రభుత్వ ఆస్తికి నష్టం జరగకుండా చూడడానికో పోలీసు సాయం అడిగితే పౌరుడు చేయాలి. 40వ సెక్షను ప్రకారం, తన కళ్లెదుట వారంటు అక్కర్లేని, బెయిలు హక్కుగా దొరకని నేరం చేసినవాణ్ణి గానీ, కోర్టు పరారీలో ఉన్నాడని ప్రకటించిన నేరస్థుణ్ణి గానీ ఎవరైనా పట్టుకోవచ్చు. అయితే అనవసర ఆలస్యం లేకుండా, ఆరు గంటల్లోపు పోలీసుకు అప్పగించాలి. ఈ ఆరు గంటల గడువు దీనికి ముందున్న నేర విచారణ స్మృతి (సీఆర్పీసీ)లో లేదు.

బొల్లాపల్లి మండలంలోని ఒక తండాలో అర్ధరాత్రి తాళం పగలగొట్టి ఇంట్లో దూరిన దొంగ దొరికాడనుకుందాం. ఇంటాయన కేకతో పదిమంది లేచి పట్టుకున్నారు. అంతవరకు చట్టం వాళ్ల వెనకే ఉంది. ఆ తర్వాత స్తంభానికి కట్టి కొడితే, ఫోనులో వీడియో తీసి ఊరంతా పంచితే, తెల్లారి పంచాయితీ పెట్టి జుల్మానా వసూలు చేస్తే, అప్పుడు చట్టం దృష్టిలో నేరస్థుల సంఖ్య ఒకటి నుంచి పదకొండుకు పెరుగుతుంది. పట్టుకునే హక్కు ఉంది గానీ శిక్షించే హక్కు ఎవరికీ లేదు. ఠాణాకు ఫోను చేయడం, దొంగను దెబ్బ తగలకుండా కూర్చోబెట్టడం, అప్పగించిన సమయం రాయించుకోవడం. ఈ మూడూ చాలు.

కోటప్పకొండ తిరునాళ్లలోనూ ఇదే లెక్క. శివరాత్రికి ప్రభలు బండ్ల మీద ఊగుతూ కొండకు బయలుదేరినప్పుడు, పైన కరెంటు తీగలు, కింద లక్షల జనం, మధ్యలో తాళ్లు పట్టుకుని తోవ చేసే కుర్రాళ్లు ఉంటారు. ఎన్‌సీసీ క్యాడెట్లు, స్కౌట్లు, ఊరి యువజన సంఘాల వాళ్లు క్యూ లైన్ల దగ్గర నిలబడతారు. మెడలో కార్డు, చేతిలో విజిల్ ఉన్నంత మాత్రాన వాళ్లు పోలీసులైపోరు. ఎవరి జేబూ తడమలేరు, ఎవరి బండీ స్వాధీనం చేసుకోలేరు. ఆ అధికారం కావాలంటే పేరుతో, తేదీతో, సంతకంతో ఉత్తర్వు కావాలి.

హోంగార్డు: స్వచ్ఛంద సేవ ఉద్యోగమైన తీరు

మన రాష్ట్రంలో స్వచ్ఛంద పోలీసు సేవ అనగానే గుర్తొచ్చేది హోంగార్డు. 1946 డిసెంబరు 6న బొంబాయిలో మత కల్లోలాల నేపథ్యంలో ఈ దళం పుట్టింది. అందుకే ఏటా ఆ రోజున హోంగార్డుల ఆవిర్భావ దినోత్సవం జరుపుతారు. ఆంధ్ర ప్రాంతంలో 1948 నాటి హోంగార్డుల చట్టం దీనికి ఆధారం. 1962లో చైనా యుద్ధం తర్వాత దేశమంతటా ఈ వ్యవస్థను తిరిగి తీర్చిదిద్దారు. మొదట్లో అనుకున్నది ఒకటే. టీచరో, రైతో, కొట్టు యజమానో తన పని తాను చేసుకుంటూ, ఆపద వచ్చినప్పుడు కొన్నాళ్లు యూనిఫాం వేసుకుని సాయపడి తిరిగి వెళ్లిపోతాడు.

జరిగింది వేరు. హోంగార్డు ఏడాది పొడవునా కూడలిలో ట్రాఫిక్ చూశాడు, అధికారుల జీపు నడిపాడు, ఠాణాలో కంప్యూటరు ముందు కూర్చున్నాడు, ఎన్నికల బందోబస్తుకు పక్క జిల్లాలకు వెళ్లాడు. పని కానిస్టేబులుది, హోదా మాత్రం స్వచ్ఛంద సేవకుడిది. హిమాచల్ ప్రదేశ్, మరికొన్ని రాష్ట్రాల హోంగార్డులు ఈ విషయం మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2015 మార్చిలో వచ్చిన తీర్పు రెండు మాటలు చెప్పింది. స్వచ్ఛంద దళం కాబట్టి ఉద్యోగాలు క్రమబద్ధం చేయమనలేం. కానీ నెలలో 30 రోజుల డ్యూటీకి వచ్చే భత్యం మొత్తం ఆ రాష్ట్ర పోలీసు కనీస వేతనానికి సమానం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో రోజు భత్యాన్ని 600 నుంచి 710 రూపాయలకు పెంచారు. నెలకు లెక్క కడితే 21,300.

ఆ తీర్పులోంచి తేలే పాఠం డబ్బుతో ఆగదు. సేవ అని పిలిచి శాశ్వత పని చేయించుకుంటే ఆ మనిషికి హక్కూ దక్కదు, ప్రజలకు పూర్తి శిక్షణ పొందిన పోలీసూ దక్కడు. ఇద్దరూ నష్టపోతారు.

బస్తర్ కేసు, తెలుగువారి పాత్ర

స్పెషల్ పోలీసు నియామకం మీద దేశంలో వచ్చిన అతిపెద్ద తీర్పులో తెలుగువారి చేయి రెండు వైపులా ఉంది. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు ఎదురుగా గ్రామస్థుల్ని నిలబెడతామంటూ ఆదివాసీ యువకులను స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా తీసుకున్నారు. ఊళ్లు ఖాళీ అయ్యాయి. అటు నుంచి ప్రాణాలు చేతబట్టుకుని వచ్చిన కుటుంబాలు ఖమ్మం, వరంగల్ అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. ఇక్కడ వారిని గుత్తికోయలు అంటున్నారు.

2007లో ముగ్గురు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, ఇ.ఎ.ఎస్.శర్మ. శర్మ ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన సంక్షేమ కమిషనరుగా, కేంద్రంలో కార్యదర్శిగా పనిచేసిన ఐఏఎస్ అధికారి. ఆ కేసులో 2011 జులై 5న తీర్పు చెప్పిన ధర్మాసనంలో జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్‌తో పాటు ఉన్నది రంగారెడ్డి జిల్లాలో పుట్టిన జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి.

అసలు వాదం చట్టంలోని ఒక ఖాళీ చుట్టూ నడిచింది. 1861 చట్టం అల్లరి, కొరత, మేజిస్ట్రేటు, గడువు, హద్దు అన్నీ చెప్పింది. ఛత్తీస్‌గఢ్ 2007లో తెచ్చిన పోలీసు చట్టం తొమ్మిదో సెక్షనులో జిల్లా ఎస్పీ ఎప్పుడైనా, ఎవరినైనా, రాతపూర్వక ఉత్తర్వుతో స్పెషల్ పోలీసు ఆఫీసరుగా నియమించవచ్చంది. ఏ పరిస్థితిలో అన్నది లేదు. మేజిస్ట్రేటు లేడు. అడిగేదీ ఇచ్చేదీ పోలీసు శాఖే.

ఆ యువకుల సంగతి తీర్పులో దగ్గరగా కనిపిస్తుంది. అయిదో తరగతి పాసైన వాళ్లకు ప్రాధాన్యం, అంతే. నెలకు గౌరవ వేతనం 3,000 రూపాయలు, అందులో ఎక్కువ భాగం కేంద్రం ఇచ్చేది. శిక్షణ రెండు నెలలు. అందులో శిక్షాస్మృతి, నేర విచారణ స్మృతి, సాక్ష్య చట్టం వంటివన్నీ కలిపి గంట చొప్పున 24 పీరియడ్లు. మానవ హక్కులు, రాజ్యాంగం కలిపి 12 పీరియడ్లు. అయిదో తరగతి చదివిన కుర్రాడికి 24 గంటల్లో ఈ చట్టాలన్నీ నేర్పి, చేతికి తుపాకి ఇచ్చి, దేశంలోనే అతి కఠినమైన అడవి పోరాటంలోకి పంపారు. దాదాపు 6,500 మంది ఇలా పనిచేస్తుండగా, 173 మంది ప్రాణాలు కోల్పోయారని, 1,200 మందిని క్రమశిక్షణ తప్పారని తీసేశామని రాష్ట్రమే కోర్టుకు చెప్పింది. చదువు, జీతం, శిక్షణ తక్కువైన వాణ్ణి చావుకు ముందు నిలబెట్టడం సమానత్వ హక్కుకు, జీవించే హక్కుకు విరుద్ధమని ధర్మాసనం తేల్చింది. రాజ్యాంగంలోని 14, 21 అధికరణలు అలాంటి యువకులకు కూడా వర్తిస్తాయని, అంటే చట్టం రక్షించాల్సిన వాళ్లలో తుపాకి పట్టిన ఆ ఆదివాసీ కుర్రాడూ ఉన్నాడని గుర్తించింది. నక్సల్ వ్యతిరేక పోరాటంలో వారిని వాడడం ఆపాలని, తుపాకులు వెనక్కి తీసుకోవాలని, తీసేశాక వారికి రక్షణ కల్పించాలని ఆదేశించింది. ప్రకృతి వైపరీత్యాల్లో సాయం, రాకపోకల క్రమబద్ధీకరణ వంటి పనులకు మాత్రం స్పెషల్ పోలీసును వాడుకోవచ్చని చెప్పింది.

ఆ తీర్పుకు పరిమితులూ వచ్చాయి. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ సహాయక సాయుధ పోలీసు దళం పేరుతో కొత్త చట్టం చేసి పాత వాళ్లను అందులో చేర్చుకుంది. ఆదేశం ఛత్తీస్‌గఢ్‌కే వర్తిస్తుందని కోర్టు 2011 నవంబరులో స్పష్టం చేసింది. శాసనసభ చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాదంటూ 2025 మేలో ధిక్కార పిటిషన్‌ను ముగించింది. ఆ ఆగస్టులో సుదర్శన్‌రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు ఈ తీర్పే మళ్లీ దేశమంతా చర్చకు వచ్చింది. రాజకీయంగా ఎవరు ఏ పక్షం వహించినా, ఆ తీర్పు లేవనెత్తిన నియామక ప్రశ్న ఇంకా బతికే ఉంది.

నక్సల్ పోరు సాగిన నల్లమలలో ప్రధాన దారి వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1989లో కె.ఎస్.వ్యాస్ ఆధ్వర్యంలో గ్రేహౌండ్స్ దళాన్ని నిర్మించింది. కఠిన శిక్షణ పొంది, జీతం తీసుకునే దళం అది. దాని ఎన్‌కౌంటర్ల మీద పౌరహక్కుల సంఘాలు దశాబ్దాలుగా ప్రశ్నలు వేస్తూనే ఉన్నాయి, వేయగలుగుతున్నాయి కూడా. ఎందుకంటే దానికి పేరుంది, అధికారి ఉన్నాడు, రికార్డు ఉంది. నక్సలైట్లతో 2004 శాంతి చర్చలు విఫలమయ్యాక నల్లమల కోబ్రాల వంటి పేర్లతో బెదిరింపులు వచ్చినప్పుడు అలాంటి ప్రశ్న వేయడానికి ఎదురుగా ఎవరూ లేరు. వాళ్లను ఎవరు నియమించారో, అసలు ఎవరైనా నియమించారో చెప్పే కాగితం లేదు. నియామక పత్రం విలువ అక్కడ తెలిసొస్తుంది.

బయటి దేశాల్లో

ఇంగ్లండులో 1831 నాటి చట్టం అల్లర్ల భయంతో స్పెషల్ కానిస్టేబుళ్ల నియామకానికి వీలిచ్చింది. ఇప్పుడు 1996 పోలీసు చట్టం కింద పోలీసు అధిపతి వారిని నియమిస్తాడు. జీతం లేదు, ఖర్చులు మాత్రం ఇస్తారు. వారికి కానిస్టేబులు అధికారాలన్నీ ఉంటాయి. అందుకే వారిపై ఫిర్యాదు వస్తే విచారణ కూడా మామూలు పోలీసుకు జరిగినట్టే జరుగుతుంది.

అమెరికాలో కాలిఫోర్నియా రిజర్వు డిప్యూటీలను మూడు స్థాయిలుగా విభజించింది. ఎంత శిక్షణో అంత అధికారం. కింది స్థాయి వాళ్లకు పరిమిత పనులే, పై స్థాయి వాళ్లే ఒంటరిగా గస్తీ తిరగగలరు. ఇలాంటి కట్టుబాటు కాగితం మీదే మిగిలితే ఏమవుతుందో 2015 ఏప్రిల్ 2న ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో తెలిసింది. షెరీఫ్ కార్యాలయంలో స్వచ్ఛంద డిప్యూటీగా ఉన్న 73 ఏళ్ల బీమా వ్యాపారి, షాక్ కొట్టే టేజర్ అనుకుని పిస్తోలు పేల్చి ఎరిక్ హారిస్ అనే నిరాయుధుణ్ణి చంపాడు. అతను ఆ షెరీఫ్‌కు మిత్రుడు, ఆ కార్యాలయానికి కార్లు, పరికరాలు విరాళమిచ్చినవాడు. శిక్షణ రికార్డులు సరిగా ఉన్నాయా అన్న ప్రశ్న లేచింది. 2016లో జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది, నాలుగేళ్ల జైలు పడింది. అంతకుముందే షెరీఫ్ తన పదవి వదులుకున్నాడు. డబ్బున్న మిత్రుడికి బ్యాడ్జి దొరకడం, పెత్తందారు ఇంట్లో మునసబు పదవి తరతరాలుగా ఉండిపోవడం, రెండింటి మూలమూ ఒకటే. నియామకం అర్హతను చూడలేదు, మనిషిని చూసింది.

మన రాష్ట్రంలో ఏం కావాలి

ఇది పాత కథ కాదు. 2016లో హర్యానాలో మొదలైన మహిళా పోలీస్ వాలంటీర్ల పథకం నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనంతో మన రాష్ట్రానికీ వచ్చింది. 2021 జూన్‌లో జీవో 59తో గ్రామ, వార్డు సచివాలయాల మహిళా సంరక్షణ కార్యదర్శులను మహిళా పోలీసులుగా ప్రకటించినప్పుడు, పోలీసు నియామక ప్రక్రియ, శిక్షణ లేకుండా ఆ హోదా ఎలా ఇస్తారని హైకోర్టులో సవాళ్లు వచ్చాయి. 2024 మే 13న పోలింగు రోజు, ఆ తర్వాత మాచర్ల, నరసరావుపేట ప్రాంతాల్లో జరిగిన హింస జిల్లా పోలీసు బలం ఎంతమేర సరిపోతుందో చూపించింది. రేపు మళ్లీ అదనపు చేతులు కావాల్సి వస్తుంది. ఆ చేతుల్ని ఎలా తీసుకోవాలన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.

మొదటిది, నియామకం ఎస్పీ ఒక్కడి ఇష్టం కాకూడదు. పోలీసు అడగాలి, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కారణాలు రాసి ఇవ్వాలి. ఫ్యాక్షన్ జాడ ఉన్న పల్నాడులో ఇది మరీ అవసరం. ఒక వర్గం వాళ్లనే ఏరి లాఠీ ఇస్తే బందోబస్తు అన్న మాటకే అర్థం పోతుంది. రెండోది, గడువు, హద్దు, చేయాల్సిన పని ఉత్తర్వులోనే ఉండాలి. తిరునాళ్ల ట్రాఫిక్‌కు తీసుకున్నవాణ్ణి సోదాకు పంపకూడదు. మూడోది, ఏ స్వచ్ఛంద సేవకుడి చేతికీ తుపాకి ఇవ్వకూడదు, అరెస్టులు చేయించకూడదు. నాలుగోది, గాయపడితే వైద్యం, చనిపోతే పరిహారం ప్రభుత్వ పూచీ అని ముందే రాయాలి. అయిదోది, అతని వల్ల ఎవరికైనా హాని జరిగితే ప్రభుత్వం పక్కకు తప్పుకోకూడదు. కోయిలకుంట్ల సబ్‌జైలులో 1977లో జరిగిన బాంబు దాడి నుంచి పుట్టిన చల్లా రామకృష్ణారెడ్డి కేసులో 2000లో సుప్రీంకోర్టు, జీవించే హక్కుకు భంగం కలిగితే సార్వభౌమాధికారం పేరు చెప్పి ప్రభుత్వం తప్పించుకోలేదని తేల్చింది. ఆ సూత్రం జీతం తీసుకునే పోలీసుకు మాత్రమే వర్తిస్తుందని ఎవరూ అనలేరు.

ఆరోది పౌరులు తామే చేయగలిగింది. తమ ఊరి బందోబస్తులో యూనిఫాం లేకుండా లాఠీ పట్టుకున్నవాడు ఎవరో తెలుసుకునే హక్కు 2005 సమాచార హక్కు చట్టం ఇచ్చింది. నియామక ఉత్తర్వు నకలు, గడువు, శిక్షణ వివరాలు కావాలని ఠాణాకు దరఖాస్తు పెట్టవచ్చు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. మామూలుగా 30 రోజుల్లో, ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సంగతైతే 48 గంటల్లో సమాధానం రావాలి. వచ్చే ఎన్నికల బందోబస్తు ఉత్తర్వులు వెలువడిన రోజే బొల్లాపల్లి మండలం నుంచి అలాంటి దరఖాస్తు ఒక్కటైనా వెళ్లాలి. ఆ ఉత్తర్వులోని పేర్లను పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించమని కూడా అదే కాగితంలో అడగాలి.